బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, కొరాపుట్ చుట్టూ రోడ్డు పక్క వింతలు: ఏవి చూడాలి, ఏవి ఉత్త హడావిడి?

బరంపురం_బండోడు
ఆదివారం బండి తీస్తే గోపాల్‌పూర్, లేకపోతే తారాతారిణి. ఇంకేమున్నాయని ఎవర్నడిగినా "పూరీ వెళ్లండి" అంటారు. పూరీ ఎక్కడికీ పోదు, అది తర్వాత చూస్తాం. పొద్దున బయల్దేరి రాత్రి భోజనానికి ఇంటికి చేరిపోవాలి. పెద్ద రోడ్డు దిగాక అయిదారు కిలోమీటర్లకి మించి వెతుక్కోకూడదు. చూసినవాడు "ఇదేటిది, ఇక్కడెందుకుంది" అనుకోవాలి. మ్యాప్‌లో పిన్నులు బోలెడున్నాయి గానీ కింద రాసేది ఒకటే: "నైస్ ప్లేస్", అయిదు చుక్కలు. ఎక్కడ ఆపాలి, ఎప్పుడు వెళ్లాలి, వెళ్లాక ఏం చూడాలి అనేది ఒక్కరూ రాయరు. తెలిసినవాళ్లు వివరంగా రాయండి. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్, ఏ జిల్లా అయినా సరే.

ఇచ్ఛాపురం_ఇరుసు
నైస్ పోస్ట్. అయిదు చుక్కలు.

పాతపటాలు
గంజాం ఊళ్లోని పొటాగఢ్ కోటతో మొదలెట్టండి. ఎన్‌హెచ్ 16 మీద ఛత్రపురం దాటి రంభ వైపు వెళ్తుంటే ఋషికుల్య నది దగ్గర గంజాం వస్తుంది. 1768లో ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ అనే ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు కట్టించిన కోట. జిల్లాకి పేరిచ్చిన ఊరు ఇదే. 1815 ప్రాంతంలో జ్వరాలు ప్రబలి జనం పిట్టల్లా రాలిపోతే ముఖ్యపట్టణాన్ని ఇక్కణ్ణుంచి ఎత్తేశారు. ఇప్పుడు పక్కనుంచి లారీలు పోతుంటాయి, ఎవరూ తల తిప్పి చూడరు.

వింత ఏమిటంటే ఇది నక్షత్రం ఆకారంలో ఉంటుంది. బయల్దేరే ముందు శాటిలైట్ వ్యూలో చూసుకోండి, మొనలు తెలుస్తాయి.

ఇచ్ఛాపురం_ఇరుసు
అంటే గంజాం దాకా వెళ్లి ఫోన్‌లో కోట చూడాలన్నమాట. అది ఇంట్లో మంచం మీద పడుకునీ చూడొచ్చు కదేటి మాస్టారూ.

పాతపటాలు
@ఇచ్ఛాపురం_ఇరుసు నేల మీద నిలబడితే నక్షత్రం కనపడదు, నిజమే. చాలామంది అలాగే పెదవి విరిచి వెనక్కి వస్తారు. చూడాల్సింది ఆకారం కాదు, ఆ ఆకారం ఎందుకన్నది. చతురస్రపు కోటకి గోడ పాదం దగ్గర శత్రువు నక్కితే పైనున్నవాడి తుపాకీకి అందడు. మొనలు బయటికి పొడుచుకొస్తే ఒక మొన మీద ఉన్నవాడు పక్క మొన గోడ అడుగు దాకా గురి పెట్టగలడు. కట్ట ఎక్కి ఒక మూల నిలబడి పక్క మూల వైపు చూడండి. చూపు గోడ వెంటే సూటిగా జారుతుంది, ఎక్కడా దాక్కునే చోటు మిగలదు. ఆ లెక్క కళ్లతో చూశాక శాటిలైట్ బొమ్మ మళ్లీ చూడండి.

వానాకాలంలో వద్దు. కందకం నిండా పొదలు, పాములు. మాఘ, ఫాల్గుణ మాసాల్లో గడ్డి ఎండి గోడల అంచులు బయటపడతాయి. ప్యాంటు, బూట్లు తప్పనిసరి. శిథిల గదుల్లోకి దూరొద్దు, పైకప్పుల్ని నమ్మలేం.

బరంపురం_బండోడు
ఇదీ నాక్కావలసిన రకం. ఇంకా.

రంభ_రేవు
గంజాం దాకా వచ్చినవాళ్లు అదే రోడ్డున ముందుకెళ్తే రంభ. చిలికా అంటే అందరూ సాతపడా డాల్ఫిన్లు, బర్కూల్ అంటారు. రంభ వైపు నీళ్లలో రెండు పిచ్చి కట్టడాలున్నాయి.

ఒకటి బీకన్ ఐలాండ్. ఘంటశిల కొండ దగ్గర, నీటి మధ్యలో ఉత్త బండరాళ్ల గుట్ట. దాని మీద ఒక గది, పైన దీపం పెట్టడానికి శంఖు ఆకారంలో స్తంభం. గంజాం కలెక్టరు స్నాడ్‌గ్రాస్ దొర కట్టించాడు. రంభ ఒడ్డున ఉన్న పాత ప్యాలెస్ కూడా 1790ల నాటి ఆయన కట్టడమే. కరువు రోజుల్లో నిర్వాకం బాగాలేదని కంపెనీ ఆయన్ని తప్పించిందనీ, పింఛను ఇవ్వకపోతే లండన్‌లో కంపెనీ ఆఫీసు ఎదుటే చీపురు పట్టి వీధి ఊడ్చి పరువు తీశాడనీ, అప్పుడు దిగొచ్చి ఇచ్చారనీ చెప్పుకుంటారు. కథ సంగతి ఎలా ఉన్నా, ఆ గది చూస్తే చెప్పినమాట వినే మనిషి కట్టింది కాదని తెలిసిపోతుంది.

రెండోది బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్. ఖల్లికోట రాజావారి పాత బంగ్లా శిథిలం. దానికి పావుగంట చాలు.

పడవ పాంథనివాస్ (ఒడిశా టూరిజం వాళ్ల వసతిగృహం) రేవు నుంచి. ఎక్కే ముందు ఖరారు చేసుకోవాల్సినవి మూడు: రేటు మనిషికా, పడవకా, రెండు ద్వీపాలూ కలిపా, ఒకటేనా, ద్వీపం దగ్గర ఎంతసేపు ఆపుతాడు. మూడోది అడక్కపోతే బీకన్ చుట్టూ ఒక్క చుట్టు చుట్టి వెనక్కి తిప్పేస్తాడు. లైఫ్ జాకెట్టు అడిగి వేసుకోండి, బకిల్ పనిచేస్తోందో లేదో ఒడ్డునే చూసుకోండి. పొద్దున తొమ్మిది లోపే వెళ్లాలి. మధ్యాహ్నం గాలి లేస్తుంది, చిలికా లోతు తక్కువ కాబట్టి అలలు చిన్నవే అయినా దగ్గర దగ్గరగా వచ్చి పడవని కుదిపేస్తాయి. ఎండాకాలం నీరు దిగాక రాళ్లు తేలి ద్వీపానికి ఆనుకోవడం కష్టం. కార్తీకం నుంచి మాఘం దాకా బాగుంటుంది, వలస పక్షులూ అప్పుడే.

ఆస్కా_చక్కెర
చీపురు దొర కథ భలే ఉంది. ఇప్పటి ఆఫీసర్లకి ఎవరూ చెప్పకండి.

ఉప్పుమడి
గంజాం, రంభ మధ్యలో హుమ్మా ఉప్పుమళ్లు వదిలేశారేం? జాతీయ రహదారికీ రైలుపట్టాలకీ దగ్గర్లోనే. ఫిబ్రవరి నుంచి మే దాకా మళ్లలో ఉప్పు తీస్తారు. మొదటి గట్టి వానతో సరి. జూలైలో వెళ్తే బురద తప్ప ఏమీ ఉండదు, "ఏమీ లేదు, మోసం" అని ఒక్క చుక్క ఇచ్చినవాళ్లంతా జూలై బాపతే.

ఫోటోలకి ఒక మాట. తెల్ల గుట్టల్ని చూసి కెమెరా వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది, ఉప్పు బూడిద రంగులో వస్తుంది. ఎక్స్‌పోజర్ ఒక పాయింటు పెంచండి. ఫోన్‌లో అయితే గుట్ట మీద వేలు పెట్టి సూర్యుడి గుర్తుని పైకి లాగండి. గట్ల మీద నడిచేటప్పుడు మడి అంచు తొక్కొద్దు. అంచు విరిగితే ఒక మడిలోని చిక్కటి నీరు పక్క పలచటి మడిలో కలిసి వాళ్ల పని పాడవుతుంది. చెప్పు కింద మట్టి మెత్తగా తగిలితే వెనక్కి రండి.

ఇంకా లోపలికి సముద్రం వైపు పొడంపేట. సముద్రం తినేసిన ఊరు. జనాన్ని వేరే చోటికి తరలించారు, సగం గోడలు ఒడ్డున మిగిలాయి. అక్కడి మత్స్యకారులు తెలుగువాళ్లే, దారి మనభాషలోనే అడగొచ్చు. అది వాళ్ల ఇళ్లు పోయిన చోటు. గోడలెక్కి సెల్ఫీలు దిగే పిల్లకాయల్ని కట్టడి చెయ్యండి.

బరంపురం_బండోడు
తాబేళ్లు కూడా ఆ పక్కేగా?

ఉప్పుమడి
అవును, ఋషికుల్య మొగ: పురుణబంధ, గోఖర్‌కుడా, పొడంపేట. ఫిబ్రవరి, మార్చిలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేలకొద్దీ ఒకేసారి ఒడ్డెక్కుతాయి. కానీ ఏ రాత్రి వస్తాయో చెప్పలేం, కొన్నేళ్లు అసలు సామూహికంగా రావు. అందుకని గుడ్ల కోసం కాకుండా పిల్లల కోసం ప్లాన్ వెయ్యండి. గుడ్లు పెట్టిన వార్త పేపర్లో చూసిన రోజు నుంచి దాదాపు నలభై అయిదు రోజులు లెక్కేసుకుంటే పిల్లలు బయటికొస్తాయి. తెల్ల టార్చి, ఫ్లాష్ రెండూ నిషిద్ధం. పిల్లలు రాత్రి సముద్రం మీది వెలుతురు చూసి దారి పడతాయి. మీ టార్చి వెలిగిందా, ఊరి వైపు నడుస్తాయి. అటవీశాఖ వాళ్లు ఎక్కడ ఆపితే అక్కడే ఆగండి.

దిగపహండి_డీజిల్
అందరూ సముద్రం వైపే పోతున్నారు. కొండవైపు రండి.

బరంపురం – దిగపహండి – తప్తపాణి – చంద్రగిరి. ఒక రోజుకి నిండుగా సరిపోయే రూటు.

తప్తపాణి ఘాటి రోడ్డు మీదే ఉంటుంది, బరంపురానికి యాభై చిల్లర కిలోమీటర్లు. గంధకపు వేడినీటి ఊట, పక్కన కందుణీ దేవి గుడి. అసలు కుండంలో దిగనివ్వరు, దిగేంత చల్లగానూ ఉండదు. స్నానానికి వేరే చోటుంది. పక్కనున్న పాంథనివాస్‌లో గది తీసుకుంటే ఆ నీళ్లే బాత్‌రూమ్ తొట్టిలోకి పైపులో వస్తాయి. వెండి మొలతాడు, పట్టీలు, ఉంగరం తీసి జేబులో వేసుకోండి. గంధకం తగిలితే వెండి నల్లబడుతుంది. చాలామంది "దోషం పోయింది" అని సంబరపడతారు, పోయింది మెరుపు ఒక్కటే. వంటసోడా వేసిన వేణ్నీళ్లలో అల్యూమినియం రేకు ముక్కతో కలిపి పది నిమిషాలు ఉంచితే నలుపు వదులుతుంది. రాళ్లు పొదిగినవైతే ఆ పని చెయ్యొద్దు. బీపీ, గుండెజబ్బు ఉన్నవాళ్లు వేడి నీళ్లలో ఎక్కువసేపు కూర్చోకండి.

అక్కణ్ణుంచి ఘాటి ఎక్కితే చంద్రగిరి. గజపతి జిల్లా కొండల మధ్య టిబెట్ ఊళ్లు! 1963లో వేసిన పునరావాస కాలనీ, ఫుంత్సోక్‌లింగ్ అంటారు. మనవాళ్ల వాడుకలో అన్నీ "క్యాంపులు". జిరంగ దగ్గర పద్మసంభవ మహావిహారం పెద్ద కట్టడం, 2010 జనవరిలో దలైలామా వచ్చి ప్రారంభించారు. ప్రార్థన చక్రాలు తిప్పేటప్పుడు మన ప్రదక్షిణ లాగే కుడివైపుగా నడుస్తూ తిప్పాలి. ఎదురు తిప్పితే ముసలమ్మలు మొహమాటం లేకుండా మందలిస్తారు. లోపల ఫోటో తీసే ముందు అడగండి.

ఇక వేళ. డిసెంబర్‌లో చలికి బాగుంటుందని అందరూ అప్పుడే వెళ్తారు. కానీ క్యాంపుల్లో సగం మంది అక్టోబర్ నుంచే స్వెట్టర్లు అమ్మడానికి ఊళ్లు పట్టుకుపోతారు. మన ఊళ్లలో చలికాలం వెలిసే టిబెటన్ స్వెట్టర్ల కొట్లు చూశారుగా, వాళ్లే. అందుకని అప్పుడు చాలా ఇళ్లకి తాళాలుంటాయి, మోమో, థుక్పా దొరికే కొట్లూ తక్కువ. ఫిబ్రవరి, మార్చిలో లోసర్, అంటే వాళ్ల కొత్త సంవత్సరం వచ్చేసరికి అందరూ ఇంటికి చేరతారు. అప్పుడు వెళ్లండి.

ఇచ్ఛాపురం_ఇరుసు
మన ఊళ్లో స్వెట్టర్ కొనడానికి వాళ్లొస్తే, మోమో తినడానికి మనం వాళ్ల ఊరు వెళ్తున్నాం. సరిపోయింది.

దిగపహండి_డీజిల్
కొనడానికి కాదు బావూ, అమ్మడానికి.

ఇచ్ఛాపురం_ఇరుసు
మోమో ధ్యాసలో పడ్డాను.

ఆస్కా_చక్కెర
జంతువుల మాటొచ్చింది కాబట్టి భేటనై. ఆస్కా దాటి బల్లిపదర్ – భేటనై పొలాల్లో కృష్ణజింకలు. అభయారణ్యం కాదు, కంచె లేదు, టికెట్టు లేదు. ఉత్త పొలాలు. ఊరివాళ్లు తరతరాలుగా కాపాడుకొస్తున్నారు, జింక పొలంలో తిరిగితే వానలు పడతాయని నమ్మకం. పంట మేసినా రాయి వెయ్యరు.

అడవిలో వెతకొద్దు, దొరకవు. విశాలంగా నేల కనపడే చోటే ఉంటాయి, ఎందుకంటే దానికి రక్షణ కళ్లూ కాళ్లే, దూరం నుంచి శత్రువుని చూసి పరుగెత్తడం. సూర్యోదయం నుంచి రెండు గంటలు, మళ్లీ సాయంత్రం నాలుగు దాటాక. బండి రోడ్డు మీదే ఆపి ఇంజిన్ ఆపేసి అందులోనే కూర్చోండి. బండికి అవి బెదరవు, మనిషి దిగితే లేచిపోతాయి. మెలికల కొమ్ములు, నల్ల వీపు ఉన్నది పోతు. మంద అంతా లేత గోధుమరంగులో ఉంటే ఆడవి, చిన్నవి. పోతు ఆ చుట్టుపక్కల ఎక్కడో ఉంటుంది, కాస్త ఓపిక పట్టండి. పొలంలోకి బండి దింపడం, తరమడం చేస్తే ముందు ఊరివాళ్ల చేతిలో, తర్వాత అటవీశాఖ చేతిలో పడతారు. వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ ఒకటి జంతువు, తమాషా కాదు.

వస్తూ బెల్లగుంఠ వెళ్లొచ్చు. ఇత్తడి చేపలు చేసే కంసాలి పనివాళ్లున్నారు. పొలుసులన్నీ విడివిడి ముక్కలు, లోపల కూర్పుతో కలిపి ఉంటాయి, తల పట్టుకుంటే చేప నిజంగానే ఒళ్లు విరుచుకుంటుంది. కొనేటప్పుడు ఒక్కసారి ఊపి చూడకండి, నెమ్మదిగా కుడికి ఎడమకి వంచండి. వంపు తల నుంచి తోక దాకా ఒకేలా సాగాలి. ఎక్కడైనా టక్కున ఆగి మళ్లీ కదిలితే అక్కడ కూర్పు బిగుసుకున్నట్టు. చింతపండుతో తోమితే వెంటనే కడిగి పూర్తిగా ఆరనివ్వండి, కీళ్లలో పులుపు మిగిలితే పచ్చగా చిలుము పడుతుంది.

బండరాయి_భక్తుడు
జౌగడ చెప్పకుండా దాటేస్తున్నారు. పురుషోత్తంపూర్ దగ్గర, బరంపురానికి ముప్ఫై అయిదు కిలోమీటర్లు. అశోకుడి శాసనం చెక్కిన బండ. తారాతారిణికి వెళ్లే వాళ్లలో నూటికి తొంభై మంది దీని పక్కనుంచి పోయి కొబ్బరికాయ కొట్టి వచ్చేస్తారు.

మిగతా చోట్ల ఉన్న పద్నాలుగు శాసనాల్లో ఇక్కడ పదకొండు, పన్నెండు, పదమూడు లేవు. పదమూడోదే కళింగ యుద్ధంలో ఎంతమంది చచ్చారో చెప్పి పశ్చాత్తాపపడేది. దెబ్బతిన్న కళింగులకే ఆ మాట వినిపించకుండా, వాటి బదులు "సమాపా" అనే ఇక్కడి పాత పట్టణం అధికార్లకి రెండు ప్రత్యేక శాసనాలు చెక్కించాడు. ప్రజలంతా నా బిడ్డలు, వాళ్లని అకారణంగా కొట్టకండి, కట్టెయ్యకండి అని. ధౌళిలోనూ ఇంతే. పాలించేవాడి తెలివి రాతి మీద చూడాలంటే ఇది.

అక్షరాలు లోతు లేవు. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు వెళ్తే బండ నున్నగా కనిపిస్తుంది, "ఏమీ కనపడలేదు" అంటారు. పొద్దున గానీ సాయంత్రం గానీ వెలుతురు పక్కనుంచి పడేటప్పుడు వెళ్లండి. నీడలో ఉంటే టార్చి ఎదురుగా కాకుండా పక్కవాటుగా పట్టండి, గీతలు లేచి కనిపిస్తాయి. నీళ్లు చల్లడం, సుద్ద రుద్దడం వద్దే వద్దు. పురావస్తు శాఖ రక్షణలో ఉంది, రాయి పాడవడమే కాక కేసు కూడా.

దిగపహండి_డీజిల్
గుళ్లు లెక్కలోకి వస్తాయా రావా? మంత్రిడి భైరవి ఉంది. ఒంటికాలి అమ్మవారు, చుట్టూ 108 చిన్న గుళ్లు. జాతీయ రహదారికి దగ్గరే.

పాతపటాలు
ఒంటికాలి విగ్రహం కచ్చితంగా వస్తుంది. గుడి పెద్దదనో, పాతదనో పెడితే ఈ లిస్టుకి అంతు ఉండదు.

కొమ్ముబొమ్మ
పర్లాకిమిడి వైపు ఒక్కరూ రాలేదు. ఊరే ఒక వింత. మహేంద్రతనయ వంతెన ఇటు పర్లాకిమిడి, ఒడిశా. అటు పాతపట్నం, ఆంధ్రా. నడిచి రాష్ట్రం మారొచ్చు. నౌపడ–గుణుపురం రైలు కూడా ఆంధ్రాలో మొదలై ఒడిశాలో తేలుతుంది. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన రెండున్నర అడుగుల బుల్లి లైను, 1931కి గుణుపురం చేరింది. 2004లో ఆపి బ్రాడ్‌గేజ్ చేశారు. బుల్లి రైలు కోసం వచ్చేవాళ్లు ఇంకా వస్తున్నారు, లేదు బాబూ.

గజపతి ప్యాలెస్ గీసింది రాబర్ట్ చిసమ్, మద్రాసు సెనేట్ హౌస్ గీసినాయన. 1936 ఏప్రిల్ 1కి ముందు ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీ కాబట్టి ఆ చెయ్యి ఇక్కడా పడింది.

ఊళ్లో కొమ్ముపని ఇంకా ఉంది. గేదె, ఆవు కొమ్ములతో కొంగలు, రొయ్యలు, దువ్వెనలు. కొమ్ము అంటే గోరు లాంటి పదార్థమే. వేడి చేస్తే మెత్తబడి వంగుతుంది, చల్లారితే ఆ వంపులో నిలుస్తుంది, బొమ్మలన్నీ ఆ కిటుకు మీదే. అదే కిటుకు మీకు ఎదురు తిరుగుతుంది. కారు డాష్‌బోర్డు మీద ఎండలో పెడితే కొంగ మెడ వంకరపోవచ్చు. నీళ్లలో నానబెట్టొద్దు, పొరలు విడతాయి. రెండు చుక్కల కొబ్బరినూనె గుడ్డకి రాసి తుడిస్తే చాలు. అసలుదా ప్లాస్టిక్కా అంటే వెలుతురుకి పట్టి చూడండి. కొమ్ములో చారలు లోపల దాకా ఉంటాయి, ఏ రెండూ ఒకేలా ఉండవు.

బండరాయి_భక్తుడు
మహేంద్రగిరి?

కొమ్ముబొమ్మ
1501 మీటర్లు. రోడ్డు పక్క వింత కాదు, రోజంతా పని. కానీ పైన భీముడి గుడి చూడాల్సిందే. చిన్నదే గానీ ఒక్కో రాయి ఎంతుందో చూస్తే మనుషులు పెట్టారంటే నమ్మబుద్ధి కాదు. చోళుల శాసనం పక్కన పులి, రెండు చేపల గుర్తు కూడా ఉంది. శివరాత్రికి జనసముద్రం, ఆ ఒక్కరోజు తప్ప ఎప్పుడైనా వెళ్లండి. ఘాటి నిటారు, పాత కార్లకి క్లచ్ వాసనొస్తుంది.

ఘాటీ_గేరు2
కొరాపుట్ వైపు వచ్చేవాళ్లకి హెచ్చరిక. సెమిలిగూడ వేరు, శిమిలిగూడ వేరు. సెమిలిగూడ కొరాపుట్ జిల్లాలో సునాబెడ పక్కనున్న పట్టణం, ఎన్‌హెచ్ 26 మీద. శిమిలిగూడ అరకు దగ్గర కొత్తవలస–కిరండోల్ లైన్లో రైల్వేస్టేషన్, ఆంధ్రాలో. ఫోన్‌లో రెండింటికీ ఒకేలా కొడితే ఒకచోటికి బదులు ఇంకోచోటికి తోలేస్తుంది, మధ్యలో కొండలు.

నాగావళి_ఒడ్డు
శిమిలిగూడే కదా దేశంలో ఎత్తయిన బ్రాడ్‌గేజ్ స్టేషన్?

ఘాటీ_గేరు2
ఒకప్పుడు. 996 మీటర్లు. 2008లో కాశ్మీర్ లోయలో బ్రాడ్‌గేజ్ రైలు తిరగ్గానే ఆ పేరు పోయింది, అక్కడంతా 1500 పైనే. ఇప్పటికీ యూట్యూబ్‌లో పాత పాటే పాడుతున్నారు. ఎత్తు పోయినా స్టేషన్ పోలేదు, చూడండి.

సాలూరు నుంచి సుంకి ఘాటీ మీదుగా పొట్టంగి, సెమిలిగూడ వచ్చే దారిలో కొఠియా ఊళ్ల వైపు ఒక తమాషా. 21 ఊళ్లు మావంటే మావని రెండు రాష్ట్రాలూ దశాబ్దాలుగా కోర్టుల్లో ఉన్నాయి. ఒకే ఊరికి తెలుగు బోర్డు, ఒడియా బోర్డు. రెండు వైపుల పథకాలు, రెండు వైపుల కార్డులు. చూడ్డానికి సరదాగా ఉన్నా, ఎన్నికలప్పుడూ గొడవలప్పుడూ అటు పోకండి, కెమెరా తీస్తే ఎవరి తరఫున వచ్చావని అడుగుతారు.

సుంకి ఘాటీ దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టి కూర్చోవద్దు. ఎక్కేటప్పుడు ఏ గేరు పడిందో దిగేటప్పుడూ అదే. బ్రేకు నొక్కుతూ దిగితే డ్రమ్ములు వేడెక్కి కింద మలుపుకొచ్చేసరికి పట్టు ఉండదు. చలికాలం పొద్దున ఎనిమిది దాకా పొగమంచు, ఎదురొచ్చే లారీ చివరి నిమిషం దాకా కనపడదు. సరిహద్దు చెక్‌పోస్టుల్లో గంజాయి తనిఖీలుంటాయి. డిక్కీ తెరవమంటే తెరిచెయ్యండి, దారిలో ఎవరి సంచీ పడితే వాళ్ల సంచీ ఎక్కించుకోవద్దు.

జయపురం_జీడిపప్పు
డుడుమ జలపాతం గురించి ఒక మాట. ఒడిశా టూరిజం లెక్క 175 మీటర్లు. కానీ పైన మళ్లింపు ఆనకట్ట కట్టి నీటిని మాచ్‌ఖండ్ కరెంటుకి తీసుకుంటారు. అందుకని ఎండాకాలంలో సన్నటి ధార. వానాకాలం ఫుల్లుగా ఉంటుంది గానీ మబ్బు దిగి అసలు లోయే కనపడదు, చప్పుడు మాత్రం వింటారు. అక్టోబర్, నవంబర్ ఒక్కటే రెండూ కుదిరే సమయం. అప్పుడైనా మధ్యాహ్నం పదకొండు దాటాక మబ్బు విడుతుంది, గంట ఆగితే తెర తీసినట్టు కనిపిస్తుంది.

మాచ్‌ఖండ్ పవర్‌హౌస్ లోయ అడుగున. 1955 నుంచి నడుస్తోంది, రెండు రాష్ట్రాల ఉమ్మడి, 120 మెగావాట్లు. కిందికి దిగడానికి కొండవాలున పట్టాల మీద తాడు కట్టి లాగే విన్చ్ బండి. అసలు వింత అదీ. ప్రాజెక్టు అధికార్ల అనుమతి లేకుండా ఎక్కించరు, ఒకవేళ పైనుంచి చూడ్డానికే పరిమితమైనా ఆ పట్టాల వాలు చూస్తే కడుపులో తిప్పుతుంది.

గురువారం వెళ్తే ఒనకడిల్లి సంత కూడా కలుస్తుంది, బోండా తెగవాళ్లు వస్తారు.

నాగావళి_ఒడ్డు
@జయపురం_జీడిపప్పు ఇక్కడ ఆగండి. నక్షత్రపు కోట, ఉప్పు గుట్ట సరే. మనుషుల్ని రోడ్డు పక్క వింతల లిస్టులో పెట్టడమేంటి? ఒనకడిల్లి అయినా, బుధవారం చాటికొనలో డొంగ్రియా తెగవాళ్ల సంత అయినా వాళ్లు వచ్చేది అమ్ముకోడానికి, కొనుక్కోడానికి. పైగా ఆదిమ తెగలవాళ్లని అనుమతి లేకుండా ఫోటో తీయడం ఒడిశాలో నిషిద్ధం.

జయపురం_జీడిపప్పు
వింత అనలేదు నేను, సంత అన్నాను. సంతకెళ్లి కొనుక్కోవడం తప్పా?

నాగావళి_ఒడ్డు
కొనుక్కోండి. ఫోన్ జేబులో పెట్టుకుని కొనుక్కోండి.

జయపురం_జీడిపప్పు
సరే, ఒప్పుకున్నా. సంతే కావాలంటే శుక్రవారం కుందులి. సెమిలిగూడ వైపు నుంచి వెళ్లాలి. పెద్ద టోకు సంత, అల్లం, కూరగాయలు, పశువులు. మన విజయనగరం వైపు వ్యాపారులూ దిగుతారు కాబట్టి తెలుగులో బేరం కుదురుతుంది. పొద్దున పది లోపే వెళ్లాలి, మధ్యాహ్నానికి మంచి సరుకు లారీలెక్కిపోతుంది. చిల్లర తప్పనిసరి.

నాగావళి_ఒడ్డు
రాయగడలో హాతిపథర్. ఊరి పక్కనే నాగావళిలో రెండు బండలు, ఏనుగులు నీళ్లలో కూర్చున్నట్టు. ఎదురుగా నిలబడితే రాళ్లే. ఒడ్డు వెంట పక్కకి నడుస్తూ చూడండి, ఒకచోట తొండం, చెవి, వీపు కలిసి ఏనుగవుతుంది. నీరు బాగా దిగాక, డిసెంబర్ నుంచి మార్చి. నాచు పట్టిన రాళ్ల మీద రబ్బరు చెప్పులు జారతాయి. పైన వాన పడితే ఇక్కడ ఎండగా ఉన్నా నీరు ఉన్నట్టుండి పెరుగుతుంది. నీరు ఎర్రబడిందంటే పిల్లల్ని పైకి లాగెయ్యండి. జనవరి మొదటి వారం పిక్నిక్ బాక్సుల మోత, అప్పుడు ఏనుగులు నిజంగా లేచి పోయినా ఎవరికీ తెలీదు.

బరంపురం_బండోడు
ఇవన్నీ మీరెలా కనిపెడతారు? అడిగితే ఎవరూ చెప్పరు కదా.

పాతపటాలు
సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల 1:50,000 స్కేలు పటాల షీట్లు వాళ్ల సైట్లో ఉచితంగా దించుకోవచ్చు, రిజిస్టర్ కావాలి అంతే. మన ఫోన్ మ్యాపులో లేనివి వీటిలో ఉంటాయి: శిథిలాలు, పాత కోటలు, వేడినీటి ఊటలు, ఊరి పేరు పక్కన సంత ఏ వారమో కూడా. షీటు మీద గుర్తు దొరికాక అదే చోటు శాటిలైట్‌లో చూడండి. పొలాల మధ్య సూటి గీత, మరీ గుండ్రటి చెరువు, మొనలున్న గట్టు కనిపిస్తే అది మనిషి పనే. ఆపైన పాత మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లా మాన్యువళ్లలో ఊరి పేరు వెతకండి. స్పెల్లింగ్ నాలుగు రకాలుగా రాశారు దొరలు, నాలుగూ ప్రయత్నించాలి.

చివరిది ఊళ్లో అడగడం. "చూడ్డానికేమైనా ఉందా" అంటే "ఏమీ లేదు" అంటారు. "ఊరి పాత రాయి ఎక్కడ, పాత బంగ్లా ఎక్కడ, తెల్లదొర కట్టింది ఏమైనా ఉందా" అని విడివిడిగా అడగండి, వేలు చూపిస్తారు.

ఘాటీ_గేరు2
షీట్లు దించుకున్నాక ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్ కూడా దించుకోండి. చంద్రగిరి దాటాక, మళ్లీ నందపూర్–మాచ్‌ఖండ్ మధ్య సిగ్నల్‌ని నమ్ముకోలేం.

బరంపురం_బండోడు
ఈ ఆదివారం గంజాం కోట, రంభ పడవ ఒకే రోజులో కుదురుతాయా? హుమ్మా కూడా?

రంభ_రేవు
కుదురుతాయి, వరస తిప్పండి. కోట చివర. పొద్దున ఆరుకి బయల్దేరి ముందు నేరుగా రంభ, గాలి లేవకముందే పడవ. పదిన్నరకి ఒడ్డుకి. చేప, అన్నం అక్కడే తినెయ్యండి. మధ్యాహ్నం మూడుకి హుమ్మా, వెలుతురు వాలేటప్పుడు. నాలుగున్నరకి పొటాగఢ్, అయిదున్నరకల్లా బయటపడాలి, చీకటి పడితే కందకం దగ్గర నిలబడొద్దు.

ఉప్పుమడి
నిన్న రాత్రి వాన పడిందా మీ వైపు? పడితే హుమ్మా ఈ వారం వదిలెయ్యండి. నాలుగైదు రోజులు గట్టి ఎండ కాశాకే మళ్లీ తెల్లబడేది.

బరంపురం_బండోడు
చినుకు కూడా లేదు. వెళ్తున్నా.

ఇచ్ఛాపురం_ఇరుసు
వచ్చాక రివ్యూ రాయండి. "నైస్ ప్లేస్" అన్నారంటే ఈ చర్చలోకి మళ్లీ రానివ్వం.